ముందు కథ చెప్పినవాడిదే కేసు

జ్యూరీ, అంటే కేసు విని నేరం చేశాడో లేదో తేల్చే మామూలు జనం బృందం. దాని పేరెత్తితే చాలు, మన దగ్గర లా చదివినవాళ్లూ చదవనివాళ్లూ ఒకే కథ చెబుతారు. 1959లో బొంబాయిలో నేవీ అధికారి నానావతి తన భార్య ప్రియుడిని కాల్చి చంపాడు. జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు, అక్కడ శిక్ష పడింది, ఆ దెబ్బతో దేశంలో జ్యూరీయే పోయింది. ఇందులో చివరి ముక్క సరికాదు. జ్యూరీని ఎత్తేయాలని లా కమిషన్ తన 14వ నివేదికలో 1958లోనే చెప్పేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) ఆ పని పూర్తి చేసింది. అప్పటి నుంచి మనకో ధీమా. మామూలు జనమైతే ఎమోషన్‌కు లొంగుతారు, మన కేసులు తేల్చేది చట్టం చదువుకున్న జడ్జి కాబట్టి ఆ బెడద మనకు లేదని.

ఆ ధీమాకు ఆధారం లేదు. జ్యూరీల మీద అమెరికా, బ్రిటన్‌లలో అర్ధ శతాబ్దానికి పైగా జరిగిన మానసిక శాస్త్ర పరిశోధన చదువుతుంటే, చాలాచోట్ల అది మన హైదరాబాద్ నాంపల్లి కోర్టుల గురించి రాసినట్టే ఉంటుంది.

ముందు ఒక లెక్క. షికాగో యూనివర్సిటీకి చెందిన హారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 3,576 కేసుల వివరాలు సేకరించి 1966లో ప్రచురించారు. ఆ కేసులు నడిపిన జడ్జిలను వాళ్లు అడిగింది ఒకటే: జ్యూరీ లేకుండా మీరే తేల్చాల్సి వస్తే ఏ తీర్పు ఇచ్చేవారు? 78 శాతం కేసుల్లో జడ్జి మాటా జ్యూరీ మాటా ఒకటే. తేడా వచ్చినచోట ఎక్కువగా జ్యూరీ వదిలేసింది, జడ్జి అయితే శిక్ష వేసేవాడు. సాక్ష్యం చిక్కుగా ఉన్న కేసుల్లో జనం తడబడి ఈ తేడా పెరగాలి కదా? పెరగలేదు. దీన్ని జ్యూరీకి ఇచ్చిన మంచి మార్కులుగా చదివేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఇది జడ్జిలకు హెచ్చరికలా కనిపిస్తుంది. జనం బుర్ర ఎలా పనిచేస్తుందో జడ్జి బుర్రా దాదాపు అలాగే పనిచేస్తుందన్నమాట.

మరి ఎలా పనిచేస్తుంది? ఇక్కడే మానసిక శాస్త్రవేత్తలు నాన్సీ పెన్నింగ్టన్, రీడ్ హేస్టీ 1980ల్లో చేసిన పని దగ్గర ఆగాలి. జ్యూరర్లు ఒక్కో సాక్ష్యాన్ని విడిగా తూచి, చివర్లో కూడిక వేస్తారని లా కాలేజీ చెబుతుంది. అలా జరగడం లేదని వీళ్లు చూపించారు. మనిషి సాక్ష్యం వింటూనే కథ అల్లుకుంటాడు. ఎవరు, ఎవరి మీద కోపంతో, ఏం చేద్దామని వెళ్లాడు, ఏమైంది? తెలియని చోట్ల తన లోకానుభవం పెట్టి పూడుస్తాడు. కథ కుదిరాక దానికి సరిపోయే నేరం ఏదో చూసుకుంటాడు.

1988లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. బార్‌లో ఇద్దరి మధ్య గొడవ, ఆ రాత్రే కత్తిపోటు, ఒకరి చావు. ప్లాన్ వేసి చంపాడా, ప్రాణం కాపాడుకోవడానికి పొడిచాడా అన్నదే ప్రశ్న. అందరికీ అదే సాక్ష్యం వినిపించారు. మార్చింది వరుస మాత్రమే. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని సంఘటనలు జరిగిన క్రమంలో, డిఫెన్స్ సాక్ష్యాన్ని సాక్షులు బోనెక్కిన క్రమంలో వినిపిస్తే 78 శాతం మంది హత్యే అన్నారు. (పైన వచ్చిన 78తో దీనికి సంబంధం లేదు, కాకతాళీయం.) తిరగేసి డిఫెన్స్‌ది కథగా, ప్రాసిక్యూషన్‌ది ముక్కలుగా వినిపిస్తే అది 31 శాతానికి పడిపోయింది. కొత్త సాక్షి లేడు, కొత్త పత్రం లేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. తాము నమ్మిన కథకు అతికే మాటలైతే, కోర్టులో ఎవరూ అనకపోయినా విన్నట్టే గుర్తుందన్నారు.

ఇప్పుడు మన ట్రయల్ చూడండి. సాక్ష్యం ఒక్క ముక్క రికార్డు కాకముందే జడ్జి బల్ల మీదికి చార్జిషీట్ వస్తుంది. అందులో ఫలానా తేదీన ఏ1, ఏ2 కలిసి కుట్ర పన్నారు, ఫలానా చోట డబ్బు చేతులు మారింది, ఆపైన ఇది జరిగింది అని మొదటి నుంచి చివరి దాకా వరుసగా ఉంటుంది. నేర్పున్న దర్యాప్తు అధికారి రాస్తే చదవడం మొదలుపెట్టినవాడు మధ్యలో ఆపలేడు. చార్జీలు ఫ్రేమ్ చేయాలంటే, అంటే ఏ నేరాల మీద విచారణ జరపాలో ఖరారు చేయాలంటే, జడ్జి దాన్ని చదివి తీరాలి. నిందితుడు ఆ దశలో తన పత్రాలు చూపిస్తానంటే కుదరదు. ఒడిశాకు చెందిన దేబేంద్రనాథ్ పాఢి కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. ఇక డిఫెన్స్‌కు మిగిలింది క్రాస్, అంటే ప్రాసిక్యూషన్ సాక్షులను (పీడబ్ల్యూలను) ఎదురు ప్రశ్నలు అడగడం. పీడబ్ల్యూ 1 దగ్గర రెండు ముక్కలు, ఆర్నెల్ల తర్వాత పీడబ్ల్యూ 9 దగ్గర ఒక ముక్క, పంచనామా సాక్షి దగ్గర ఇంకొకటి. నిందితుడు తన వెర్షన్ రాసివ్వగలిగేది ప్రాసిక్యూషన్ సాక్ష్యమంతా అయ్యాకే. పెన్నింగ్టన్, హేస్టీ ప్రయోగశాలలో తయారు చేసుకున్న 78 శాతం ఏర్పాటును మనం చట్టంలోనే రాసిపెట్టుకున్నాం.

దానికి తోడు వాయిదాలు. సాక్షి రాలేదు, లాయర్‌కు హైకోర్టులో పని పడింది, సమన్లు అందలేదు. ఈలోగా జడ్జికి బదిలీ. కొత్తగా వచ్చినవారు పాతవారు రికార్డు చేసిన సాక్ష్యం మీద తీర్పు రాయొచ్చని చట్టమే అంటుంది. సీఆర్‌పీసీలో అది 326వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 365. సాక్షి తడబడ్డాడా, చెమటలు పట్టాయా అన్నది ఆ కొత్త జడ్జికి తెలియదు. డెపోజిషన్లు, అంటే రికార్డైన సాక్షుల మాటలు, చదువుతుంటే ఎపిసోడ్లు తారుమారైన సీరియల్ చూస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు వరుస కోసం ఏ కాగితం తిరగేస్తారు? చార్జిషీటే కదా.

జడ్జి కారణాలు రాయాలి, జ్యూరీకి ఆ బాధ్యత లేదు, పైగా అప్పీలు ఉంది అంటారు. మన కోర్టుల్లో కేసులు బోలెడు కొట్టేస్తుంటే ఇక చార్జిషీట్ మాయ ఏమిటనీ అడుగుతారు. కొట్టేసే కేసుల్లో సాక్షులు హాస్టైల్ అయినవి, అంటే పోలీసులకు చెప్పిన మాటను కోర్టులో కాదన్నవి, చాలానే ఉంటాయి. అక్కడ కథే బోనెక్కలేదు. కారణాలంటారా, కథ కుదిరాక కారణాలు రాయడం ఎవరికీ కష్టం కాదు. అప్పీలు సంగతి విజయవాడ చెబుతుంది. 2007లో హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో జ్యూరీ లేదు, చట్టం తెలిసిన జడ్జే 2010లో శిక్ష వేశారు. 2017 మార్చిలో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఆ యువకుడు నిర్దోషి అంది. అప్పటికి అతను జైల్లో ఎనిమిదేళ్లు దాటేశాడు.

అనుభవం కాపాడుతుందా అంటే అదీ అనుమానమే. 2006లో ప్రచురితమైన ఒక జర్మనీ అధ్యయనంలో న్యాయవృత్తిలో ఉన్నవాళ్లకే ఒక దొంగతనం కేసు ఇచ్చి, శిక్ష చెప్పేముందు పాచికలు వేయించారు. అవి 3 గానీ 9 గానీ పడేలా ముందే తయారు చేసినవి. 3 పడ్డవాళ్లు సగటున ఐదు నెలల పైచిలుకు శిక్ష చెబితే, 9 పడ్డవాళ్లు దాదాపు ఎనిమిది నెలలు చెప్పారు.

క్లిష్టమైన కేసులంటే మనకు వెంటనే గుర్తొచ్చేది సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. రెండు వందల పైచిలుకు సాక్షులు, మూడు వేల వరకు పత్రాలు, 2015 ఏప్రిల్ 9న తీర్పు. లెక్కలు ఎంత చిక్కువైనా, లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన ఉత్తరం కథను ముందే చెప్పేసింది. కోర్టు చేయాల్సిందల్లా దానికి పత్రాలు సరిపోతున్నాయో లేదో చూడటం. అలాంటి ఉత్తరం లేనప్పుడు ఏమవుతుందో మక్కా మసీదు కేసు చూపించింది. 2007 మే 18న పేలుడు. మొదట పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లి పోలీసులు ఒక కథ చెప్పారు. తర్వాత సీబీఐ, ఆపైన ఎన్‌ఐఏ దర్యాప్తులో పూర్తిగా వేరే కథ. ఆ కుర్రాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2018 ఏప్రిల్‌లో రెండో కథలోని నిందితులనూ నాంపల్లి కోర్టు వదిలేసింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు నమ్మడానికి ఏ కథా మిగల్లేదు.

అసలు నా కోపమంతా చార్జిషీట్ కంటే ముందు జరిగే తంతు మీద. ప్రెస్‌మీట్. ముసుగులు తొడిగిన నిందితులు వెనక వరుసలో, బల్ల మీద సెల్‌ఫోన్లు, నోట్ల కట్టలు, మైకుల ముందు అధికారి. ‘మిస్టరీని ఛేదించాం’ అని మొదలై, పథకం ఎలా వేశారో, ఎందుకు వేశారో, ఎలా దొరికారో అంతా చెప్పేస్తారు. సాయంత్రానికి యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో తీర్పు కూడా వచ్చేస్తుంది. జ్యూరీని రద్దు చేశామంటున్నాం గానీ, సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పే కోటి మంది జ్యూరీని ఇంటింటా కూర్చోబెట్టాం. జడ్జి కూడా ఆ ఇళ్లలోనే ఉంటారు, ఆ టీవీలే చూస్తారు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పోలీసు కథనం నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చేసరికి 2022 వచ్చింది. ఆ నివేదికను ఎంతమంది చదివారు?

పోలీసు బ్రీఫింగులకు మార్గదర్శకాలు తయారు చేయమని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది. బల్లల మీద నోట్ల కట్టలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని ఆపడం ఒక పని. కోర్టు లోపల చేయాల్సింది ఇంకొకటి ఉంది. చార్జీలు చదివి వినిపించిన రోజునే, ఇష్టమైతే, డిఫెన్స్ తన వెర్షన్‌ను రెండు మూడు పేజీల్లో వరుసగా ఫైల్ చేసుకోనివ్వాలి. ముందే గుట్టు విప్పమంటారా అని మన డిఫెన్స్ లాయర్లే గొడవ చేస్తారు, తెలుసు. అందుకే ఇష్టమైతే అంటున్నాను, మౌనంగా ఉండే హక్కు ఎక్కడికీ పోదు. తేల్చాల్సిన ప్రశ్నల జాబితా కాగితం మీద ఉండాలి. ఇంగ్లండ్ జ్యూరర్ల మీద 2010లో వచ్చిన షెరిల్ థామస్ అధ్యయనంలో, జడ్జి నోటితో చెప్పిన సూచనలు పూర్తిగా అర్థమైంది 31 శాతం మందికే. అదే సారాంశం రాసి చేతికిస్తే 48 శాతానికి పెరిగింది. ఇక సాక్ష్యం సగంలో ఉన్న కేసుల నుంచి జడ్జిని కదపకూడదు. ఇవేవీ రాజ్యాంగ సవరణలు కావు. బదిలీల సంగతి హైకోర్టు చేతిలోనే ఉంది. మిగతా రెండూ పత్రాల గుట్టలుండే నాంపల్లి సీబీఐ కోర్టులో మొదలుపెట్టి ఏడాది పాటు చూడొచ్చు.