ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ గారికి ఒక ఊపిరితిత్తుల డాక్టరు విన్నపం

గుండె గోడ సాగితే రక్తంలో పెరిగే పదార్థమైన మహారాజశ్రీ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనడానికి లేదు. కుశలమే అయితే మీకు కబురు పంపే పనే ఉండదు.

ముందు మీ పేరు సంగతి. 1988లో మీ తోబుట్టువు బీఎన్‌పీ పంది మెదడులో దొరికిందని 'బీ' అంటే 'బ్రెయిన్' అని పేరు పెట్టేశారు. తీరా చూస్తే మీ వంశం కాపురం గుండె కింది గదులైన జఠరికల్లో. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత మీకు చక్కగా అతుకుతుంది. పేరు మీరు పెట్టుకున్నది కాదు కనక వదిలేస్తున్నాను.

అసలు గొడవ మొన్నటి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) పెద్దాయనతో వచ్చింది. వచ్చీ రాగానే కుర్చీలో కూలబడి "నమస్కారం డాక్..." అని ఆగి, మూడుసార్లు ఊపిరి లాక్కుని, "...టరు గారూ" అన్నాడు. గొట్టంలోకి ఊదించి చూసే స్పైరోమెట్రీ నిరుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఆయాసం మాత్రం రెట్టింపైంది, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వాయువు ఎంత చేరుతోందో చెప్పే డీఎల్‌సీఓ బాగా పడిపోయింది. ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి పెరిగిందేమోనని గుండె స్కానింగు, అదే ఎకో, చేయించాను. ఉబ్బిన ఊపిరితిత్తులు గుండెకు అడ్డంపడి తెరంతా బూడిదరంగు మబ్బు. గుండె కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం లీకు సరిగ్గా దొరికితేగా ఒత్తిడి లెక్క కట్టడానికి!

అప్పుడు మిమ్మల్ని పిలిచాం. పెరిగి వచ్చారు. ఎందుకు పెరిగారయ్యా అంటే, గుండె గోడ సాగింది అంటారు. కుడివైపా, ఎడమవైపా? దానికి మాత్రం పెదవి విప్పరు. ఎడమ గుండె అలిసినా పెరుగుతారు, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నా పెరుగుతారు, కిడ్నీలు మందగించినా, వయసు మీదపడినా అంతే. మనిషి బాగా లావైతే మొహమాటపడి తగ్గుతారు కూడా! ఏళ్లతరబడి పొగతాగిన పెద్దవయసు మనిషికి వీటిలో ఒకటో రెండో ఉండనే ఉంటాయి. ఇక మీ సాక్ష్యం ఏ కేసుకని రాసుకోమంటారు?

పైగా ఆలస్యం. ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 25 మిల్లీమీటర్లుంటేనే జబ్బన్న పాత గీతను 2018లో నిపుణులు '20 దాటితే చాలు' అని కిందికి జరిపారు. గీత దిగింది గానీ మీ నిద్ర తేలలేదు. కుడి జఠరిక కండ పెంచుకుని ఓర్చుకుంటున్నన్నాళ్లూ మీరు నార్మలే కావచ్చు. అది సాగిపోయాక గానీ మేల్కోరు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు! అయితే మొరిగారంటే అది ఊరకే కాదు, ముందు గడ్డురోజులున్నాయని చెప్పడంలో మీది గట్టి నోరే. ఒప్పుకుంటాను.

మీ బదులు రక్తపరీక్షలో ఇంకొకరిని చూద్దామంటే ఎండోథెలిన్, జీడీఎఫ్-15, యూరిక్ యాసిడ్ ఎప్పట్నుంచో పెళ్లిచూపులకు వచ్చి వెళ్తున్నాయి. సంబంధం ఒక్కటీ ఖాయం కాలేదు.

చివరికి తేల్చేది కుడి గుండెలోకి వెళ్లి ఒత్తిడి కొలిచే గొట్టం, కెథెటరే. 1929లో ఫోర్స్‌మన్ అనే జర్మన్ డాక్టరు తన చేతి నరంలోంచి తనకే గొట్టం ఎక్కించుకుని, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. మా పెద్దాయన అంత మొండివాడు కాదు. "మెడలో గొట్టమా? ఇంకోసారి రక్తం చూడండి బాబూ" అన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీ జబ్బు వాళ్ల ఈ ఒత్తిడికి పీల్చే మందు ట్రెప్రోస్టినిల్‌ను 2021లో అమెరికా అనుమతించింది, అందుకే ముందే పట్టుకోవాలని మా ఆత్రం. సీఓపీడీకి ఇంకా ఆ భాగ్యం లేదు.

రేపు పొద్దున ఆయన రక్తం మళ్లీ వస్తోంది. కుడో ఎడమో, ఒక్క ముక్క చెప్పి పంపండి.

ఇట్లు,
మీ రిపోర్టు చేతబట్టుకుని ఎకో రిపోర్టు వంక చూస్తున్న
ఒక డాక్టరు