ఏకసభ్య అభిమాన సంఘం

కర్నూలుకు చరిత్ర చేసిన మొదటి అన్యాయం అందరికీ తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని మీదేనని మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టారు. 1956 నవంబరు 1న, ఆ కుర్చీ ఇంకా వెచ్చబడక ముందే, హైదరాబాదుకు ఎత్తుకుపోయారు. దీని గురించి మా ఊళ్లో టీ తాగే ప్రతివాడూ మాట్లాడతాడు. రెండో అన్యాయం గురించి మాట్లాడేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు పుట్టిన ముప్పై ఒక్క ఏళ్లకు మొదటిసారి మన దేశానికి వచ్చింది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడింది, వెళ్లిపోయింది. కర్నూలులో పదిహేనేళ్లుగా నిరాటంకంగా పనిచేస్తున్న అభిమాన సంఘానికి కనీసం ఒక కార్డు ముక్క రాయలేదు.

సంఘం అంటే నేనే. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, కుర్చీ వేసేవాడు, వేసిన కుర్చీలో కూర్చునేవాడు అన్నీ నేనే. ఎన్నికలు ఏటా ఏకగ్రీవం. మా వైపు ఏకగ్రీవం అంటే ఎదుటివాడు నామినేషన్ వేయడానికి రాలేకపోయాడని అర్థం. మా సంఘంలో మాత్రం నిజంగానే ఎదుటివాడు లేడు.

స్థాపన 1992లో. ఆ ఏడాది వచ్చిన ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ క్యాసెట్టును హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిన మా మేనబావ మా ఇంట్లో మర్చిపోయి వెళ్లాడు. మర్చిపోలేదు, వదిలించుకున్నాడని మా అమ్మ వాదన. పేరుకు చీకటంటే భయం అనే పాట. మా వీధిలో కరెంటు పోయి నిజంగా చీకటి పడగానే టేప్ రికార్డరు ఆగిపోయేది. అలా ఆ పాట చివరికి వెళ్లడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ పాటను మొత్తంగా విన్నవాళ్లు చాలామంది ఉండవచ్చు. మధ్యలో ఆగిపోయాక మిగతా సగాన్ని దోమల మధ్య మనసులో పాడుకున్నవాడు అభిమానులందరిలో వేరే లెక్క అని నా మనవి.

అమ్మకు విషయం వివరించడానికి ఒక సాయంత్రం పట్టింది.

“ఐరనంటే ఇస్త్రీ పెట్టె గదరా? మెయిడెన్ అంటే?”

“పెళ్లి కాని పిల్లమ్మా.”

“ఇస్త్రీ చేసే పిల్లనా? ఎవురి పిల్ల?”

ఐరన్ మెయిడెన్ అంటే చిత్రహింస పెట్టే యంత్రమనీ, నిలువెత్తు పెట్టెలో లోపలివైపు మేకులుంటాయనీ, మనిషిని అందులో నిలబెట్టి తలుపు మూస్తారనీ చెప్పాను. అమ్మ అంతా విని, “మన బాడుగింటి మాదిరి ఉంటాదన్నమాట” అంది. తరువాత గోడ మీది పోస్టర్ చూసింది. చర్మం ఎండి, ఎముకలు తేలి, కళ్లు మండుతున్న ఆ బొమ్మ బ్యాండుకు చిహ్నం. పేరు ఎడ్డీ. “పేరు మాత్రం సరిగ్గా పెట్టినార్లే” అంది. ఎడ్డి అంటే మన భాషలో ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక రాక్ సంగీతం ఎవరిది అన్న వివాదం. అమెరికావాళ్లు మాదంటారు, ఇంగ్లండువాళ్లు మాదంటారు. రాక్ అంటే రాయి. రాళ్లసీమ అని పేరు పడ్డవాళ్లం మేము ఉండగా ఈ పంచాయితీ వాళ్లిద్దరి మధ్య జరగడమేమిటి? ఓర్వకల్లు రాళ్లను చూడటానికి జనం టికెట్టు కొని వస్తారు. బేతంచెర్ల బండ లేని ఇల్లు మా చుట్టుపక్కల అరుదు. యాగంటిలో రాతి బసవన్న ఏటికేడు పెరుగుతున్నాడని నమ్మకం. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు చెప్పినట్టు పెద్దలంటారు. రాయి లేచి రంకె వేయడాన్ని ఇంగ్లీషులో ఏ సంగీతం అంటారో పాఠకులే ఆలోచించుకోవాలి. పైగా ఆ బ్యాండు గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు పైలట్ లైసెన్సు ఉంది. 2008లో బ్యాండునూ సామాన్లనూ బోయింగ్ 757లో ఎక్కించుకుని తనే నడుపుకుంటూ దేశాలు తిరిగాడు. 2021లో ఓర్వకల్లులో మాకూ విమానాశ్రయం తెరిచారు. రాక్ గార్డెన్ పక్కనే. ఇంతకంటే స్పష్టంగా ఆహ్వానం ఎలా పంపాలో నాకు తెలియదు.

అన్నట్టు ఈ డికిన్సన్ మా సంఘాన్ని ఒకసారి తీవ్ర సంక్షోభంలో పడేశాడు. 1993లో బ్యాండు వదిలి వెళ్లాడు. ఆ వార్త పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక ఇంగ్లీషు పత్రిక ద్వారా కర్నూలు చేరేసరికి ఆ పత్రికే రంగు మారిపోయింది. సంతాప సభ జరిపాను. కొత్త గాయకుడు బ్లేజ్ బేలీని గుర్తించాలా వద్దా అన్న తీర్మానం మీద నాలో నాకే ఏకాభిప్రాయం కుదరలేదు. తర్జనభర్జనలు జరుగుతుండగానే 1999లో డికిన్సన్ తిరిగొచ్చాడు. ఆ తీర్మానం ఇంకా పెండింగులోనే ఉంది.

సరే, 2007. అంతకుముందు రోజర్ వాటర్స్, రోలింగ్ స్టోన్స్ బెంగళూరు వచ్చి వెళ్లినప్పుడు సంఘం హుందాగా మౌనం వహించింది. ఈసారి కదలక తప్పలేదు. మార్చి నెల ఎండలో, నల్ల టీషర్టు, నల్ల ప్యాంటుతో కర్నూలు బస్టాండుకు చేరాను. కండక్టరు నన్ను పైనుంచి కిందికి చూసి, “సీజన్ గాని సీజన్లో మాలేంది స్వామీ?” అన్నాడు. టీషర్టు మీది పుర్రెను చూశాక గాని దీక్ష వేరని అర్థం కాలేదతనికి. అయినా డోను, గుత్తి, అనంతపురం దాటి బెంగళూరు దాకా, సుమారు 360 కిలోమీటర్లు, నన్ను స్వామీ అనే పిలిచాడు. నేనూ కాదనలేదు. పదిహేనేళ్ల బ్రహ్మచర్యం లాంటి అభిమానానికి ఆ మాత్రం గౌరవం దక్కాలి.

సంచిలో ఒక టెంకాయ ఉంది. సినిమా విడుదలైతే మన హీరోల కటౌటు ముందు కొడతాం గదా, పదిహేనేళ్లు ఆగి చూస్తున్న బ్యాండుకు ఆ మర్యాద లేకపోతే ఎలా? గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రవాడు సంచి తడిమి, గుండ్రంగా తగిలేసరికి ఆగిపోయాడు.

“ఎక్కడి నుంచి సార్?”

“కర్నూలు.”

రెండడుగులు వెనక్కి వేశాడు. తప్పు అతనిది కాదు. మన సినిమాల్లో సీమవాడి సంచిలో గుండ్రంగా ఉండే వస్తువు ఎప్పుడూ ఒకటే. టెంకాయ బయటే ఉండిపోయింది.

లోపల అడుగుపెట్టిన క్షణం నా జీవితంలో చాలా బాధాకరమైనది. మైదానం నిండా నల్ల టీషర్టులు. ఒక్కొక్కరి ఛాతీ మీదా ఎడ్డీ. కొన్ని నా దాని కన్నా మంచివి, కొన్ని అచ్చంగా నాదే. కేరళ నుంచి వచ్చారట, మణిపూర్ నుంచి వచ్చారట. ప్రతివాడికీ అన్ని పాటలూ వచ్చు. నా వెనక నిలబడిన ఇరవయ్యేళ్ల పిల్లవాడు డ్రమ్మర్ ఏ ఏడాది చేరాడో చెబుతున్నాడు. 1982 అని వాడి కంటే ముందే చెబుదామనుకున్నాను, వాడే చెప్పేశాడు. పెళ్లిచూపులకు వెళ్లిన ఇంట్లో అప్పటికే పదిమంది పెళ్లికొడుకులు కాఫీ తాగుతూ కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. కర్నూలులో నేను అరుదైన జాతి. ఇక్కడ జనాభా లెక్కలో ఒక గీత.

ముందు ఢిల్లీ బ్యాండు పరిక్రమ పాడింది. తరువాత లారెన్ హ్యారిస్ అనే అమ్మాయి. ఎవరా అని పక్కవాణ్ణి అడిగితే, బ్యాండు పెట్టిన స్టీవ్ హ్యారిస్ కూతురని చెప్పాడు. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. నాన్నది పెద్ద బ్యాండు, కూతురిది ఆ బ్యాండు ముందు పాట. వారసత్వం మన సినిమావాళ్ల గుత్తసొత్తేమీ కాదని, ఇంతదూరం వచ్చినందుకు ఆ ఒక్క ఓదార్పు దొరికింది.

తరువాత లైట్లు ఆరిపోయాయి. కర్నూలు అలవాటు కొద్దీ, కరెంటు పోయిందనుకున్నాను.

వేదిక మీదికి ఆరుగురూ వచ్చారు. నేను ఎరిగినవాళ్లే, పోస్టరులో చూసినదానికన్నా కాస్త లావయ్యారు, నేనూ అయ్యాను. డికిన్సన్‌కు ఒక అలవాటు ఉంది. ఏ ఊళ్లో పాడితే ఆ ఊరి పేరు పెట్టి, నా కోసం అరవండి అంటాడు. బెంగళూరును అరవమన్నాడు. నేను అరవలేదు. నేను బెంగళూరు కాదు. పక్కవాళ్లు వింతగా చూశారు. రెండోసారి కూడా బెంగళూరే అన్నాడు. కర్నూలు తరఫున నిరసనగా చేతులు కట్టుకున్నాను. మూడోసారి ఏం జరిగిందో సంఘం రికార్డుల్లో లేదు. గొంతు పోయిందన్నది మాత్రం నిజం.

వేదిక దగ్గర తోపులాట మొదలైంది. కుర్రాళ్లు ఒకరినొకరు భుజాలతో గుద్దుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఒకడు వచ్చి నన్ను గుద్ది, ఆగి, “ఆర్ యూ ఓకే అంకుల్?” అన్నాడు. గుద్దు తగల్లేదు, అంకుల్ తగిలింది. దేవరగట్టు చూశావా నాయనా అని అడుగుదామనుకున్నాను. దసరా రాత్రి మాళ మల్లేశ్వరుడి కొండ కింద, దివిటీల వెలుగులో, ఇనుప తొడుగులు వేసిన కర్రలు పట్టుకుని ఊళ్లకు ఊళ్లే ఉత్సవ విగ్రహాల కోసం కొట్టుకుంటాయి. తల పగిలితే పసుపు పెట్టుకుని మళ్లీ దిగుతారు. అక్కడ ఎవడూ ఎవణ్ణీ ఓకేనా అని అడగడు. వీళ్లు తలలు ఊపుతున్నది చూస్తే కూడా నాకు కొత్తేమీ అనిపించలేదు. మా పెద్దమ్మ జాతరలో పూనకం వచ్చిన ఆడవాళ్లు ఇంతకంటే లయగా ఊగుతారు, అదీ గిటార్లు లేకుండా, ఒక్క డప్పు మీద.

ఎడ్డీ వచ్చాడు. సైనికుడి వేషంలో, తాటిచెట్టంత ఎత్తున. చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఎవరూ చూడలేదనుకుంటాను.

ఇక ఆ పాట. దానికి ముందు వచ్చే గిటారు వరసను మైదానమంతా గొంతుతో ఎత్తుకుంది, ఓ ఓ ఓ అని. వాళ్లు వాయించేది నాకు వినబడలేదు, జనమే వినబడ్డారు. మా మిద్దె మీద దోమల మధ్య నేనొక్కణ్ణే మిగతా సగం పాడుకునేవాణ్ణని చెప్పాను గదా. ఆ సగం ఇన్ని వేలమందికి తెలుసని నాకెవరూ చెప్పలేదు. అక్కడ కంట్లో నీళ్లు తిరిగాయి. బెంగళూరు దుమ్ము అంత మంచిది కాదు.

తెల్లవారి బస్సులో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. నేను అరుస్తున్న ఆ రాత్రే వెస్టిండీస్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లో మనవాళ్లు 191 పరుగులకు ఆలౌటై బంగ్లాదేశ్ చేతిలో ఓడారు. గుత్తిలో బస్సు ఆగితే టీ అడగబోయాను. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. టీ కొట్టాయన నా భుజం తట్టి, “అంతగా మనసుకు తీసుకోగూడదు సార్, ఆటన్నాక ఓడతారు” అని డబ్బులు తీసుకోలేదు. దేశభక్తుడిగా ఆ టీ తాగేశాను.

కర్నూలు బస్టాండులో దిగుతుంటే ముందు సీట్లోంచి ఇంకొకడు లేచాడు. నల్ల టీషర్టు. ఎడ్డీ. ఇంజనీరింగు చదివే కుర్రాడు, మా పక్క పేటలోనే ఇల్లు. ఇన్నేళ్లుగా ఒకే ఊళ్లో ఉంటూ ఒకరికొకరం తెలియదు. చేతులు పట్టుకున్నాం. సంఘం సభ్యత్వం ఒక్క పూటలో రెట్టింపయిందని నేను సైగలతోనే సంబరపడుతుంటే, వాడన్నాడు: “డికిన్సన్ బాగానే పాడినాడు గానీ అన్నా, అసలు మెయిడెన్ అంటే ముందు పాల్ డియానో పాడినాడే, 80లో, 81లో, ఆ రెండు ఆల్బములే. తర్వాతదంతా ఒపేరా.”

జవాబివ్వడానికి నాకు గొంతు లేదు. ఆ వారంలోనే సంఘం చీలింది. వాడిది డియానో వర్గం, నాది డికిన్సన్ వర్గం. చెరొక అధ్యక్షుడు, చెరొక కార్యదర్శి, చెరొక కోశాధికారి. రాజ్‌విహార్ దగ్గర ఒకే బండి దగ్గర టీ తాగుతాం, వేరే వేరే బెంచీల మీద కూర్చుని. బ్లేజ్ బేలీ తీర్మానంలో వాడి మద్దతు కోరదామా అని ఒక బలహీన క్షణంలో అనుకున్నాను గానీ, వర్గం ఒప్పుకోలేదు.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా ఇంట్లోకి వచ్చాయి. క్యాసెట్లు పోయాయి. పోస్టరు గోడ నుంచి ఊడి, మిద్దె మీద నిలబడి మేం చూస్తుండగానే వీధిలో కొట్టుకుపోయింది. “చూడు, ఎడ్డివానికి ఈత వచ్చు” అంది అమ్మ, ఆ భయంలోనూ. బీరువా అడుగున దాచిన టికెట్టు ముక్క పేస్టులా అయిపోయింది. ఆ రాత్రి నేను ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఉన్నానని చెప్పగల సాక్షి ఇప్పుడు కర్నూలు మొత్తమ్మీద ఒక్కడే. వాడు నాతో మాట్లాడడు.