క్లాసంతటికీ ఒకటే మ్యాక్ అడ్రస్

నెట్‌వర్క్ ట్రాఫిక్ అనాలిసిస్ (నెట్‌వర్క్‌లో పోయే డేటాను పట్టి లెక్కలు తీయడం) అని ఇంజనీరింగ్ పిల్లలకు ఇచ్చే అసైన్‌మెంట్ మీద నాకు చాలా కాలంగా కడుపుమంట. ఈ రోజు రాసేస్తున్నా, ఎవరైనా ఏమైనా అనుకోండి. తిరుపతిలో నెట్‌వర్కింగ్ పని చేసుకునేవాణ్ణి కాబట్టి సెమిస్టర్ చివర్లో మా వీధి పిల్లలు, వాళ్ళ ఫ్రెండ్స్ స్పైరల్ బైండింగ్ రికార్డులు పట్టుకుని "అన్నా, ఒక్కసారి చూడన్నా" అని వస్తారు. కాలేజీ పేరు వద్దులెండి.

మొన్న ఒకే క్లాసువి కొన్ని రికార్డులు పక్కపక్కన పెట్టి చూశా. పేర్లు వేరు, రోల్ నంబర్లు వేరు, ఆ డేటాను పట్టి చూపించే సాఫ్ట్‌వేర్ వైర్‌షార్క్ స్క్రీన్‌షాట్లో సోర్స్ (పంపిన మెషిన్) మ్యాక్ అడ్రస్ మాత్రం అందరిదీ ఒకటే. అది నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే వేసే నంబరు సామీ, క్లాసంతటికీ ఒకటే ఎట్లా అవుతుంది? ఎవడో సీనియర్ ఎప్పుడో పట్టిన క్యాప్చర్ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారి మారి వీళ్ళ రికార్డుల్లోకి ఎక్కింది. దిద్దినాయన పేజీలు తిప్పి సంతకం పెట్టేశాడు.

నేను పిల్లల్ని తిట్టడానికి రాయడం లేదు. అసైన్‌మెంట్ చూడండి: పది నిమిషాలు ట్రాఫిక్ పట్టి, ప్రొటోకాల్ (డేటా మార్పిడి పద్ధతి) వారీగా శాతాలు తీసి, పై చార్ట్ (గుండ్రటి శాతాల బొమ్మ) గీసి, కన్‌క్లూజన్ రాయాలి. ఇందులో ప్రశ్న ఏది? ప్రశ్నే లేనప్పుడు ఎవరి ఫైలైతే ఏముంది, పై చార్ట్ పై చార్టే కదా.

ఆ రికార్డుల్లోనే 'గరిష్ఠ ప్యాకెట్ సైజు 4434 బైట్లు' అని ఉంది. ప్యాకెట్ అంటే డేటా పోయే ఒక్కో ముక్క. మామూలు ఈథర్నెట్ (లాన్ కేబుల్) తీగ మీద వైర్‌షార్క్‌కు కనిపించాల్సింది 1514 దాకానే: 1500 బైట్ల ప్యాకెట్, పైన 14 బైట్ల హెడర్ (ఎవరి నుంచి ఎవరికో చెప్పే చీటీ). మరి 4434 ఎక్కడిది అని ఒక పిల్లాణ్ణి అడిగితే "సాఫ్ట్‌వేర్ చూపించిందన్నా, యాడి నుంచి వచ్చిందో నాకేం తెలుసు" అన్నాడు. నిజానికి అసలు పాఠం అక్కడే ఉంది. పెద్ద డేటాను ముక్కలు చేసే పనిని కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకు వదిలేస్తుంది, దాన్ని ఆఫ్‌లోడ్ అంటారు. వైర్‌షార్క్ ఆ ముక్కలు కాకముందే పట్టుకుంటుంది. 1500లో లోపలి హెడర్లకు 40 పోను 1460 బైట్ల చొప్పున మూడు ముక్కలు, 54 బైట్ల హెడర్లు, కలిపితే సరిగ్గా 4434. తీగ మీద అంత పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ పోలేదు. ఈ ఒక్క నంబరు ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పిన పిల్లాడికి నేనైతే మొత్తం మార్కులు వేస్తా, బైండింగ్ లేకపోయినా సరే.

ఇంకొకాయన రికార్డులో ఐపెర్ఫ్ (లింకు వేగం కొలిచే సాఫ్ట్‌వేర్) పెట్టి కొలిస్తే 100 ఎంబీపీఎస్ లింకు మీద 94 వచ్చింది, కాబట్టి 6 శాతం ప్యాకెట్ లాస్ (దారిలో పోగొట్టుకున్న ప్యాకెట్లు) అని తేల్చేశాడు. కింద రైట్ మార్కు! అయ్యా, 1460 బైట్ల డేటా పంపాలంటే హెడర్లు, ప్రీయాంబుల్ (ముందు పంపే మొదలు గుర్తు), ఫ్రేములకు (తీగ మీద పోయే ప్యాకెట్లకు) మధ్య ఖాళీ అన్నీ కలిపి 1538 బైట్ల చోటు పడుతుంది. భాగించి చూసుకోండి, సుమారు 95 శాతం వస్తుంది. అంటే లింకు బ్రహ్మాండంగా ఉంది, లాస్ ఉందో లేదో ఆ నంబరు చెప్పదు. అది చూడాలంటే పోయిన ప్యాకెట్లను మళ్ళీ పంపిన గుర్తులు, అంటే రీట్రాన్స్‌మిషన్లు వెతకాలి.

ఇక సగటు పిచ్చి ఒకటి. ఒక నిమిషంలో ఆరు సెకన్లు 80 ఎంబీపీఎస్‌తో దంచేసి మిగతా టైం ఊరికే ఉన్న లింకుకు కూడా సగటు 8 అనే వస్తుంది. మన ఊళ్ళో ఈ మాట విడిగా చెప్పాలా, మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలే టైముకు దేశమంతా ఒకేసారి బటన్ నొక్కుతుంది, ఆ రోజు సగటు ట్రాఫిక్ లెక్కేసి సర్వర్ కొంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఎంత లాగి సగటు తీసినా ట్రాఫిక్ నున్నగా అయిపోదని, సెకన్లలో చూసినా గంటల్లో చూసినా ఎగుడుదిగుడులు ఉంటాయని లెలాండ్, టాక్కు, విల్లింగర్, విల్సన్ అనే పరిశోధకులు 1994 నాటికే బెల్‌కోర్ అనే అమెరికా టెలిఫోన్ రీసెర్చ్ కంపెనీ ఈథర్నెట్ కొలతలతో చూపించారు. మనం ఇంకా పై చార్టే గీయిస్తున్నాం.

డబ్బుల్లేవు అనే సాకు కూడా లేదు. వైర్‌షార్క్ ఫ్రీ, ఎథీరియల్ అనే పాత పేరుతో 1998 నుంచీ ఉన్నదే. ఇట్లా అడగండి సార్: తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు మీద దాదాపు 135 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే పోయి రావడానికి ఒకటిన్నర మిల్లీసెకను కూడా పట్టదు. మరి చెన్నైలో ఉన్న సర్వర్‌కు నీ పింగ్ (పోయి రావడానికి పట్టిన టైం) 20 మిల్లీసెకన్లు చూపిస్తే మిగతా టైం ఎక్కడ పోయింది? వైఫైలోనా, ఇంటి రూటర్‌లోనా, ప్యాకెట్లు ముంబై చుట్టి వస్తున్నాయా? కేబుల్ పెట్టి ఒకసారి, వైఫైలో ఒకసారి, పొద్దున, రాత్రి కొలిచి చెప్పు. దీనికి సీనియర్ ఫైలు పనికిరాదు, ఎవరింటి జవాబు వాళ్ళదే. "అంతమందివి ఎవరు దిద్దుతారు" అంటారా, పది పేజీల బదులు ఒక పేజీ అడగండి, టైం అదే మిగులుతుంది.

పిల్లలకు ఒక్క మాట. క్యాప్చర్ మీ సొంత మెషిన్‌లోనే చేయండి. హాస్టల్ వైఫైలో పక్కవాడి ట్రాఫిక్ వాడికి చెప్పకుండా పడితే 2000 నాటి ఐటీ చట్టం కిందికి వస్తారు, అసైన్‌మెంట్ కోసం చేశానంటే ఎవరూ వినరు. ఫైలు గ్రూపులో పెట్టే ముందు కూడా చూసుకోండి, హెచ్‌టీటీపీఎస్ (సైటుతో మాటలు గుప్తంగా ఉంచే పద్ధతి) ఉన్నా మీరు ఏయే సైట్లకు పోయారో డీఎన్ఎస్ (సైటు పేరును అడ్రసుగా మార్చే పద్ధతి) లైన్లలో చాలాసార్లు పేర్లతో సహా కనపడుతుంది. ఆ సీనియర్ ఫైలులో కూడా కనపడ్డాయి, నేను చెప్పను.