అరగంటలో రౌటర్ ప్లేటు బిగుస్తుందా?

చెక్కలో గాడులు కోసే యంత్రం రౌటర్. దాన్ని తలకిందులుగా ఒక ప్లేటుకి బిగించి, తిరిగే కోత మొన (బిట్) పైకి వచ్చేలా ఆ ప్లేటును బల్లలో అమరిస్తే అది రౌటర్ బల్ల. ఇంట్లోనే అలాంటి బల్ల చేసుకుందామనుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, అటూ ఇటూ చిన్న మార్పులతో ఎక్కడ చూసినా అదే. క్లుప్తంగా ఇది: "ప్లేటును బల్ల మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. గీత వెంట జిగ్‌సా రంపంతో కోయండి. కింద నాలుగు పట్టీలు స్క్రూలతో బిగించి, ఎత్తు చాలకపోతే వాషర్లు సర్ది, ప్లేటు పెట్టేయండి. మందంగా ఉంటే ఏ ప్లాస్టిక్ అయినా పరవాలేదు. బల్ల అంచుకి సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో మాత్రం మూలమట్టంతో చూసుకోండి. ట్రిగ్గర్‌కి టేపు చుట్టేస్తే బల్ల రెడీ. అరగంట పని."

నా మొదటి బల్ల దాదాపు ఇలాగే చేశాను. ఆ బల్ల మీద నడిపిన రెండో చెక్కకే, బిట్ దాటిన తర్వాత ముందు అంచు ఎక్కడో తట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం చాలు. తిరుగుతున్న బిట్ అదే చోట అర్ధచంద్రాకారంలో ఒక గాటు పెట్టి, చుట్టూ నల్లగా మాడ్చింది. తట్టుకున్నది దేనికో వెతికితే దొరికింది: ప్లేటు ఎడమ అంచు దగ్గర బల్ల, ప్లేటు కన్నా వేలిగోరుకి తగిలేంత ఎత్తుగా ఉంది. కళ్లకి కనిపించలేదు, గోరుకి తెలిసింది. అందుకే ఈ సలహాను ఒక్కో ముక్కగా విప్పి చూడాలనిపించింది.

గీసి, జిగ్‌సాతో కోయడం. పెన్సిల్ గీత ప్లేటు అంచు మీద పడదు, దానికి కొంచెం బయట పడుతుంది. ఇక జిగ్‌సా బ్లేడు ఒక కొసే పట్టు ఉన్న సన్నని రేకు. 18 మిల్లీమీటర్ల చెక్కలో వంపు తిరిగేటప్పుడు అడుగున పక్కకి వాలుతుంది. పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, కింద ఇంకెక్కడో ఉంటుంది. ఫలితం, ప్లేటు చుట్టూ ఖాళీ. "ఖాళీ ఉంటే ఏమైంది, ప్లేటు ఎక్కడికి పోతుంది?" అంటారు. ఎక్కడికీ పోదు, అర మిల్లీమీటరు జరుగుతుంది. ఫెన్స్, అంటే చెక్కను ఆనించి తోసే అడ్డపట్టీ, బల్లకి బిగించి ఉంటుంది, బిట్ ప్లేటుతో పాటు కదులుతుంది. అంటే మొదటిసారి కోసినప్పుడు ఉన్న దూరం రెండోసారికి మారిపోతుంది. గాడిలో కూర్చోవాల్సిన పలక వదులైతే తప్పు ఎక్కడ జరిగిందో అంతుపట్టదు.

దీనికి మంచి పద్ధతి చాలాకాలంగా ఉంది, అదీ చేతిలో ఉన్న రౌటర్‌తోనే. ప్లేటును అనుకున్న చోట పెట్టండి. తిన్నని అంచున్న నాలుగు చెక్క పట్టీలను దాని నాలుగు పక్కలా ఆనించి డబుల్ సైడ్ టేపుతో అతికించండి. ఆనించేటప్పుడు మధ్యలో ఒక కాగితం ముక్క పెట్టండి. ఆ కాస్త సందు లేకపోతే, గాలిలో తేమ పెరిగిన రోజుల్లో చెక్క ఉబ్బి ప్లేటు పైకి రాదు. ప్లేటు తీసేశాక, పైన బేరింగ్ (స్వేచ్ఛగా తిరిగే చిన్న చక్రం) ఉన్న ప్యాటర్న్ బిట్‌తో పట్టీల లోపలి అంచు వెంట గాడి తియ్యాలి. బేరింగ్ పట్టీని రాసుకుంటూ పోతుంది కాబట్టి గాడి అచ్చు ప్లేటు కొలతకే వస్తుంది. స్కేలుతో పనే లేదు.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. బిట్ కోసే భాగం 25 మిల్లీమీటర్లు ఉండి, మొదటి విడతలో 3 మిల్లీమీటర్ల లోతే పెట్టారనుకోండి. బేరింగ్ చెక్క నుంచి 22 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ పట్టీ మందం 18. అంటే బేరింగ్ గాలిలో తిరుగుతూ ఉంటే, బిట్ పట్టీనే కొరుకుతుంది. కోసే భాగం 12 మిల్లీమీటర్లున్న పొట్టి బిట్ తీసుకుంటే బేరింగ్ పట్టీ మధ్యలో ఆనుతుంది. ఒక్కసారే లోతు దించకండి, విడతకి 2, 3 మిల్లీమీటర్లు చాలు. మూలల దగ్గర బిట్ వ్యాసం కూడా లెక్కలోకి వస్తుంది. 19 మిల్లీమీటర్ల బిట్ వదిలే మూల వంపు 9.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది. మీ ప్లేటు మూల అంతకన్నా పదునుగా ఉంటే కూర్చోదు, చిన్న బిట్ వాడాలి.

జిగ్‌సా అవసరం ఆ తర్వాతే. గాడి బయటి అంచు నుంచి లోపలికి 12 మిల్లీమీటర్లో ఇంకాస్తో వదిలి మధ్య భాగం కోసేస్తే, చుట్టూ మెట్టు మిగులుతుంది. ప్లేటు దాని మీద కూర్చుంటుంది. కోత కాస్త వంకర పోయినా ఎవరికీ కనపడదు. వరుస మాత్రం మారకూడదు. ముందే మధ్యలో కోసేస్తే, గాడి తీసేటప్పుడు రౌటర్‌కి లోపలి వైపు ఆనడానికి ఏమీ ఉండదు, పక్కకి ఒరుగుతుంది.

పట్టీలు, వాషర్లు. లెక్క చూడండి. బల్ల 18, ప్లేటు 6 మిల్లీమీటర్లు. పట్టీలు బల్ల అడుగున బిగిస్తే ప్లేటు పైభాగం బల్ల కన్నా 12 మిల్లీమీటర్లు దిగి ఉంటుంది. అంత ఎత్తునీ వాషర్ల దొంతరలతో నింపమనడం సలహా ఎలా అవుతుంది? నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగే యంత్రం కింద వేలాడుతుంటే, విడిగా పేర్చిన దొంతర ఉన్న చోటే ఉంటుందన్న నమ్మకం లేదు. నా బల్ల మీద జరిగింది అదే.

నిజం చెప్పాలంటే పట్టీల పద్ధతి దానంతట అది తప్పేమీ కాదు. పట్టీలను సరైన ఎత్తుకి లేపి, మూలకొకటి చొప్పున ఎత్తు సర్దే స్క్రూలు పెట్టుకుంటే బాగానే నడుస్తుంది. మెట్టు ఉన్నా ఆ స్క్రూలు కావాల్సిందే. గాడిని ప్లేటు మందం కన్నా వెంట్రుకవాసి ఎక్కువ లోతు తీసి, స్క్రూలతో పైకి లేపుకోవాలి. చాలా ప్లేట్లకి వీటికోసం మరలు వేసిన రంధ్రాలు వచ్చే ఉంటాయి. బల్ల ఎమ్‌డీఎఫ్‌దైతే (చెక్క నారను నొక్కి చేసిన పలక) స్క్రూ మొన మెత్తగా దిగబడుతుంది, అది ఆనే చోట చిన్న లోహపు ముక్క అతికించండి. సరిచూడటానికి ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి, బల్ల నుంచి ప్లేటు మీదకి నాలుగు వైపులా జరపండి. చివరికి ఒక చెక్క ముక్కను రెండు వైపుల నుంచీ తోసి చూడండి. ఎక్కడా టక్కుమనకూడదు.

"ఏ ప్లాస్టిక్ అయినా." యాక్రిలిక్ గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, కానీ నిరంతరం బరువు మోస్తే మెల్లమెల్లగా వంగి అలాగే ఉండిపోతుంది. పెద్ద రౌటర్ ఐదు కిలోల దాకా ఉంటుంది. అది నెలల తరబడి మధ్యలో వేలాడితే ప్లేటు పళ్లెంలా గుంటపడుతుంది. అప్పుడు అంచులు సమంగా ఉన్నా కోత లోతు తేడా కొడుతుంది. పైగా స్క్రూ తల కోసం గుంట తీసిన చోట యాక్రిలిక్ పగులుతుంది. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం గానీ, 9, 10 మిల్లీమీటర్ల ఫినాలిక్ (రెసిన్‌తో నొక్కి చేసిన గట్టి పలక) గానీ మేలు. ఉన్నది యాక్రిలికే అయితే, పని లేనప్పుడు రౌటర్‌ని తీసి పక్కన పెట్టుకోండి.

రౌటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పలకను అచ్చుగా పెట్టి, రౌటర్‌ని ప్లేటుకి బిగించే స్క్రూల రంధ్రాలు గుర్తించమనే మాట కూడా ఈ సలహాతో పాటు వినిపిస్తుంది. అది సరైనదే. కాకపోతే ఏ ముఖం పైకి ఉండాలో ఎవరూ చెప్పరు. ప్లేటు పైముఖం మీకు కనపడుతుంటే, పలకలో కూడా చెక్కను తాకే ముఖమే కనపడాలి. తిరగేస్తే రంధ్రాలు అద్దంలో బొమ్మలా పడతాయి, మూడింట్లో ఒకటి కూడా కలవకపోవచ్చు. పాత స్క్రూలు పొట్టివైపోతాయి. అదే మర ఉన్నవి, ప్లేటు మందం ఎంత పెరిగిందో అంతే పొడవు పెంచి తెచ్చుకోండి. మరీ పొడవైతే కొస అడుగుకి తన్ని, బిగిసినట్టు అనిపిస్తూ వదులుగానే ఉంటాయి.

బల్ల అంచుకి సమాంతరం. ఈ సలహాలో గట్టిగా నొక్కి చెప్పిన ఒకే ఒక్క జాగ్రత్త ఇది. అదే అక్కర్లేనిది! బిట్ గుండ్రంగా ఉంటుంది. చెక్కకి కావాల్సింది ఫెన్స్ నుంచి బిట్ దూరం, అంతే. ఫెన్స్ బల్లకి అడ్డదిడ్డంగా ఉన్నా ఆ దూరం మారదు, గాడి తిన్నగానే వస్తుంది. ఫెన్స్‌నే ఒక చివర పట్టుకుని ఎటో ఒకవైపు జరిపి దూరం సర్దుకుంటామంటే కారణం ఇదే. మైటర్ గాడినీ (చెక్కను పట్టి తోసే సాధనం జరగడానికి బల్లలో ఉండే గాడి) ఫెన్స్‌నీ ఒకేసారి వాడినప్పుడు మాత్రం అవి రెండూ సమాంతరంగా ఉండాలి. అప్పుడు కూడా ప్లేటుకి సంబంధం లేదు. ప్లేటు వంకరగా ఉంటే కంటికి బాగుండదు, అంతవరకే. మూలమట్టంతో గడిపే ఆ పావుగంట ఎత్తు సర్దడానికి వాడుకోవచ్చు.

ట్రిగ్గర్‌కి టేపు. వద్దు. కరెంటు పోయి, మీరు బిట్ మార్చడానికి చెయ్యి పెట్టినప్పుడు తిరిగి వస్తే? బిట్ మార్చేటప్పుడు ప్లగ్గు తీసేయడం ఎలాగూ తప్పదు. దానికి తోడు కరెంటు పోతే తనే ఆగి, మళ్లీ నొక్కేదాకా మొదలవ్వని స్విచ్ ఒకటి బల్ల ముందు, చెయ్యి చాచకుండా అందే చోట పెట్టండి. తోసే దిక్కు గురించి కూడా ఆ సలహాలో ఒక్క ముక్క లేదు. రౌటర్ తలకిందులైంది కాబట్టి పైనుంచి చూస్తే బిట్ అపసవ్యంగా తిరుగుతుంది. ఫెన్స్ బిట్ వెనక ఉంటే, మీ వైపున్న పళ్లు ఎడమ నుంచి కుడికి వస్తాయి. కాబట్టి చెక్కను కుడి నుంచి ఎడమకి, వాటికి ఎదురుగా తోయాలి. ఎడమ నుంచి కుడికి తోస్తే బిట్ చెక్కను లాక్కుపోతుంది, వెంట వేళ్లూ పోతాయి.

అరగంట. రెండో బల్లకి నాకు ఒక పూటంతా పట్టింది. ఎక్కువసేపు పట్టీలు ఆనించడానికి, ఇంకా ఎక్కువసేపు ఆ నాలుగు స్క్రూలు పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ గోరుతో అంచు తడుముకోవడానికి. కోతకి మాత్రం నిజంగానే అరగంట కూడా పట్టలేదు.