బీటు కట్ గారూ, కాస్త సెలవు తీసుకోండి

మహారాజశ్రీ బీటు కట్ గారికి,

ఉభయకుశలోపరి. పాటలో బీటు పడినప్పుడల్లా షాటు మార్చేసే తమరు మీడియా కాలేజీల ఎడిటింగ్ ల్యాబుల్లో మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లుతున్న సంగతి ప్రతి సెమిస్టరు చివరా మాకు తెలిసొస్తూనే ఉంది. విద్యార్థి పాటని టైమ్‌లైన్ మీద పడేస్తాడు. ప్లే నొక్కి, డ్రమ్ము మోగినప్పుడల్లా ‘ఎం’ కీ కొడతాడు. వరసగా మార్కర్లు, అంటే గుర్తులు, పడతాయి. బిన్ అనే ఫోల్డరులో ఉన్న క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటోమేట్ టు సీక్వెన్స్’ నొక్కి, మార్కర్ల దగ్గర పెట్టమంటాడు. టీ చల్లారేలోపు మ్యూజిక్ వీడియో రెడీ. టైటిల్స్‌లో ఎడిటర్ అన్నచోట తమరి పేరు వెయ్యకుండా తన పేరు వేసుకోవడం మాత్రం అన్యాయమే. తమరి తరఫున మేమే అడుగుతున్నాం.

తమరి శ్రమ తక్కువేం కాదు. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటంటే అరసెకనుకో బీటు, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 12 ఫ్రేములు. నాలుగు నిమిషాలకి 480 షాట్లు. ఫిలిం రోజుల్లో ఇదే పని ఎలా ఉండేదో లెక్క కట్టండి. 35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు కాబట్టి 12 ఫ్రేములంటే తొమ్మిది అంగుళాల ముక్క. అలాంటి ముక్కలు 480 గ్రీజు పెన్సిలుతో గుర్తు పెట్టి, కోసి, ఒక్కోటీ అతికించాలి. అందుకే అప్పట్లో తమరు పండక్కో పబ్బానికో వచ్చే చుట్టం. ఇప్పుడు ఏకంగా కాపురమే పెట్టేశారు.

పోనీ పెట్టిన కాపురమైనా సరిగ్గా చేస్తున్నారా అంటే, అదీ లేదు. 128 బీపీఎం పాటలో ఒక్కో బీటుకి 11.25 ఫ్రేములు. ఫ్రేముని నాలుగు ముక్కలు చెయ్యడం ఎవరి వల్లా కాదు. కుర్రాడు మొదటి షాటు 11 ఫ్రేములుగా కొలిచి, మిగతావన్నీ అదే కొలతకి కోసేస్తాడు. నాలుగు బీట్లకి ఒక ఫ్రేము తేడా వస్తుంది, అది ఎవరికీ కనపడదు. 32 బీట్లకి, అంటే సరిగ్గా 15 సెకన్లకి, ఎనిమిది ఫ్రేములు జరిగిపోయి కట్ రెండు బీట్ల మధ్య తేలుతుంది. ఇక మూడేసి మాత్రల తిశ్ర నడకలో సాగే తీన్మార్ దరువు మీద నాలుగేసి మాత్రల లెక్కన మార్కర్లు పెట్టిన ఘనులూ ఉన్నారు. మూడుకీ నాలుగుకీ పన్నెండో మాత్ర దగ్గర గానీ పొత్తు కుదరదు. మధ్యలో దెబ్బ ఒకచోట, కట్ ఇంకోచోట.

సరిగ్గా బీటు మీద పడినా చిక్కే. శబ్దాన్ని పట్టుకున్నంత చప్పున మెదడు కొత్త బొమ్మని పట్టుకోదు. అందుకే చెయ్యి తిరిగిన ఎడిటర్లు దెబ్బకి ఒకటి రెండు ఫ్రేములు ముందే కోస్తారు. కర్ణాటక సంగీతంలో తాళం కన్నా ముందే పాట ఎత్తుకుంటే అతీతం, తర్వాత ఎత్తుకుంటే అనాగతం, రెండూ ఒక్కసారే మొదలైతే సమం. తమరికి సమం ఒక్కటే తెలుసు.

డాన్సు దగ్గరికొద్దాం. అసలు గొడవంతా అక్కడే ఉంది. డాన్స్ మాస్టర్ ఎనిమిది కౌంట్లకి ఒక స్టెప్పు కడతారు. 120 బీపీఎంలో అది నాలుగు సెకన్లు. తమరు దాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఒకదాంట్లో మోచెయ్యి, ఒకదాంట్లో బూటు, ఒకదాంట్లో వెనకాల గంతులేస్తున్న గ్రూపు చూపిస్తారు. స్టెప్పు ఏమిటో అది కట్టిన మాస్టరుకే గుర్తుపట్టడం కష్టం. హుక్ స్టెప్పులో కాలు నేలని తన్నే క్షణం చూడండి. కాలు లేవడం అరబీటు ముందు మొదలవుతుంది, పడటం బీటు మీద. కట్ బీటు మీదే పెడితే లేచిన కాలు పాత షాటులో, పడ్డ కాలు కొత్త షాటులో మిగిలిపోతాయి, తన్ను ఎక్కడా కనపడదు. అదే కాలు గాల్లో ఉండగా, దెబ్బకి నాలుగైదు ఫ్రేములు ముందు కోసి చూడండి. కదలిక కట్‌ని దాచేస్తుంది, తన్ను కొత్త షాటులో నిండుగా పడుతుంది. పాత హాలీవుడ్ డాన్సర్ ఫ్రెడ్ అస్టైర్ తన డాన్సుని తల నుంచి పాదాల దాకా చూపించాలనీ, వీలైనన్ని తక్కువ కట్లతో చూపించాలనీ పట్టుబట్టేవాడు. ఆయనకి డాన్సొచ్చు కాబట్టి ఆ పట్టుదల చెల్లింది. రాని హీరోలకి తమరు చేసిన మేలు మాత్రం వాళ్లు ఏడు జన్మలెత్తినా తీర్చుకోలేరు.

స్లో మోషన్‌ని కూడా తమరు వదల్లేదు. సెట్లో పాట రెట్టింపు వేగంతో వేసి, హీరోయిన్ చేత గబగబా పెదాలు కదిలించి, సెకనుకి 48 ఫ్రేములతో తీస్తారు. 24లో ఆడిస్తే పెదాలు పాటతో కలుస్తాయి, జుట్టూ పైటా మాత్రం తీరిగ్గా ఎగురుతాయి. ఇంత తంటాలు పడి తెచ్చిన షాటుని 12 ఫ్రేములకే కోసేస్తే ఆ పైట లేచే తీరికేదీ?

పరీక్షలో ‘మ్యూజిక్ వీడియోలో జానర్ (పాట తరహా)’ అన్న ప్రశ్నకి అందరూ మ్యూజిక్ వీడియోల మీద రాసిన పండితుడు ఆండ్రూ గుడ్విన్ పేరు రాస్తారు. ఒక్కో సంగీతశైలికి దాని దృశ్యలక్షణాలు దానికి ఉంటాయన్నారు, బొమ్మ పాట మాటల్ని చూపించొచ్చు, పెంచొచ్చు, కాదనొచ్చు అన్నారు అని పేజీ నింపుతారు. ల్యాబులోకి రాగానే మాస్ పాటా, విరహగీతమూ, జోలపాటా ఒకే కత్తెర కిందికి వస్తాయి. కన్నీటిబొట్టు రెప్ప దాటేలోపే సముద్రం, డ్రోను, కాఫీ కప్పు, మళ్లీ సముద్రం. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ మంచి కట్‌కి మార్కులు పంచుతూ భావానికి 51 శాతం ఇచ్చాడు, కథకి 23, లయకి 10. ఆ పది మార్కులతోనే తమరు క్లాసు మొత్తాన్ని పాసు చేయించేస్తున్నారు. మెచ్చుకోవాల్సిందే.

తమరిని పూర్తిగా వెళ్లిపొమ్మనడం లేదు. పల్లవి ఎత్తుకునేచోట రండి. ఇంటర్లూడ్‌లో డప్పులు చెలరేగినప్పుడు తమరి ఇష్టం, ఎన్నిసార్లయినా రండి. చరణంలో గాయని ఊపిరి తీసుకునే సందు కనిపిస్తే, అక్కడ మాత్రం కోత ఊపిరికి వదిలెయ్యండి. ఇంకొక్క చిన్న మాట. పాట మ్యూట్ చేసి వీడియో ఆడించమని కుర్రాళ్లకి చెప్పండి. శబ్దం లేకుండా కూడా కట్‌కి కారణం కనిపిస్తే ఆ కట్ ఉంటుంది. కనిపించకపోతే పక్క షాటుని సాగదీసి ఆ ఖాళీ పూడ్చమనండి.

ఇట్లు,
480 కట్లు చూసి కళ్లు తిరిగిన
ఎడిటింగ్ బల్ల వాళ్లు

తా.క.: ఫోనులో తీసిన క్లిప్పులు చాలావరకు వేరియబుల్ ఫ్రేమ్ రేటుతో, అంటే సెకనుకి ఇన్ని ఫ్రేములన్న నిలకడ లేకుండా, వస్తాయి. మొదటి నిమిషంలో పెదాలు కలిసి, మూడో నిమిషానికి పక్కకి జారతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్‌కి (స్థిరమైన రేటుకి) మార్చాకే టైమ్‌లైన్ మీదికి తేవాలి. ఈ నేరం మాత్రం తమరి ఖాతాలో వెయ్యడం లేదు.