మణికట్టు మీద చుక్క, పది నిమిషాల టెస్టు: ఈ ఫార్వర్డ్‌ని నమ్మకండి

నెల రోజుల నుంచి మా ఊరి గ్రూపుల, కాలేజి గ్రూపుల, ఆఖరికి చీటీల గ్రూపుల గూడ ఒకటే మెసేజ్ మళ్ళ తిరుగుతుంది. సంగతేందంటే, సెంటో అత్తరో క్రీమో మన ఒంటికి పడతదో లేదో ఇంట్లనే తేల్చుకోవచ్చట, మణికట్టు మీద ఒక చుక్క రుద్ది పది నిమిషాలు చూడాలెనట, ఎర్రగ కాకపోతే ఇగ దానికి ఎన్నడూ అలర్జీ రాదట. నేచురల్ నూనెలకైతే ఆ టెస్టు గూడ అక్కర్లేదట. ఏండ్ల నుంచి వాడేదానికి కొత్తగ అలర్జీ రాదట, ల్యాబ్‌ల టెస్ట్ అయిందని డబ్బా మీద ఉంటే అందరికీ సేఫట, ఇంకా అనుమానముంటే రక్తపరీక్షల అంతా బయటపడతదట. మొత్తం ఐదు మాటలు, ఐదూ తప్పే.

నేను డాక్టర్‌ని కాదు, నల్లగొండల డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్త. కానీ పోయినేడు ఇదే మెసేజ్‌ని మా అక్క నమ్మింది, నమ్మి నాలుగు నెలలు కండ్లు వాచి, మెడ చుట్టూ పొట్టు లేసి తిరిగింది. నకిరేకల్‌ల ఇంట్లనే జాకెట్లు కుడతది, ఆ దురదకు సూదిల దారం గూడ ఎక్కియ్యలేకపోయేది. అందుకే చూసి ఊకోబుద్ధి కాలే.

మొదలు ఆ పది నిమిషాల ముచ్చట. పది నిమిషాలల్ల కనపడే రియాక్షన్లు ఉంటయ్, లేవని కాదు. దాల్చినచెక్క వాసననిచ్చే సిన్నమాల్ లాంటివి కొందరికి రుద్దిన కాసేపట్లనే దద్దులు లేపుతయ్, గీసుకున్న తోలు మీద సెంటు కొడితే అప్పుడే మండుతది. కానీ సెంట్ల వల్ల ఎక్కువగ వచ్చే అసలు అలర్జీ ఇది కాదు. అది మెల్లగ నేర్చుకునే రోగం. వాసన కెమికల్ అణువు చాలా చిన్నది, తోలు పై పొర దాటి లోపలికి పోయి మన సొంత ప్రోటీన్‌కే అతుక్కుంటది, అక్కడ కాపలా ఉండే కణాలు దాన్ని పరాయిదనుకొని పట్టుకొని దగ్గర్ల ఉన్న లింఫు గడ్డకు మోస్కపోతయ్. కాలికి పుండైతే గజ్జల బిళ్ళ కడతది చూడండి, ఆ బిళ్ళనే లింఫు గడ్డ. అక్కడ టి కణాలు, అంటే ఒంటిని కాపాడే ఒక రకం తెల్లరక్త కణాలు, ఆ కెమికల్‌ని గుర్తుపట్టడం నేర్చుకుంటయ్, ఈ నేర్చుకునుడుకు 10 నుంచి 14 రోజులు పడతది, ఆ టైంల తోలు మీద ఏమీ కనపడకపోవచ్చు. ఒకసారి నేర్చుకున్నంక మళ్ళ ఎప్పుడు తగిలినా దురద మొదలైతది, అది గూడ ఎంబడే కాదు, 24 నుంచి 72 గంటల్ల పెరుగుతది. మరి పది నిమిషాలు గడియారం చూస్కుంట కూసుంటే ఏం తెలుస్తది? మొట్టమొదటిసారి రుద్దిన మనిషికైతే పదిరోజులు చూసినా తెల్వకపోవచ్చు, ఒళ్ళు ఇంకా నేర్చుకోనే లేదు గదా.

ఈ ఆలస్యమే జనాన్ని తప్పుదోవ పట్టిస్తది. మా అక్క శనివారం రాత్రి తలకు నూనె పెట్టుకొని ఆదివారం తలస్నానం చేస్తది. దురద వచ్చేది సోమవారం. అందరూ ఏమన్నరు, ఆదివారం కోడికూర తిన్నవు గదా అందుకే అన్నరు. కోడి బంద్ చేసింది. వంకాయ దురద అన్నరు, వంకాయ బంద్ చేసింది, చేపలు బంద్, గుడ్డు గూడ బంద్, పాపం నాలుగు నెలలు పప్పుచారు మీదనే ఉన్నది. నూనె మీదికి ఒక్కలకు గూడ అనుమానం పోలే, ఎందుకంటే నూనెకూ దురదకూ నడుమ ఒక రోజు పూర్తిగ గడిచిపోయేది.

ఇగ అసలు టెస్టు ఎట్ల ఉంటదో చెప్త, దగ్గరుండి చూసిన కాబట్టి. దాన్ని ప్యాచ్ టెస్ట్ అంటరు, 1895ల జడాసన్ అనే జర్మన్ డాక్టర్ మొదలువెట్టిండు, పద్ధతి ఇప్పటికీ మూలంల అదే. మేం హైదరాబాద్‌ల స్కిన్ డాక్టర్ దగ్గరికి డిసెంబర్‌ల తీస్కపోయినం, ఎండకాలం చెమటకు పట్టీలు ఊడిపోతయని డాక్టరమ్మనే చలికాలం రమ్మన్నది. సోమవారం వీపు పైభాగంల పట్టీలు అంటించిన్రు, పట్టీకి వరుసగ చిన్న చిన్న అల్యూమినియం గిన్నెలు, ఒక్కోటి 8 మిల్లీమీటర్లు, అక్క అయితే చూసి ఇవి జాకెట్ గుండీలంతనే ఉన్నయన్నది. ఒక్కో గిన్నెల వ్యాజిలైన్‌ల కలిపిన ఒక్కో పదార్థం. 48 గంటలు వీపు తడపొద్దు, బరువు మొయ్యొద్దు, చెమట పట్టే పని చెయ్యొద్దు. బుధవారం పట్టీలు తీసిన్రు, వీపంతా పట్టీ గుర్తులే, రెండు గళ్ళల్ల మాత్రం కొంచెం గులాబి రంగు. మాకైతే ఏమీ లేదనిపించింది. డాక్టరమ్మ మాత్రం శుక్రవారం తప్పకుండ రావాలన్నది. శుక్రవారం చూస్తే ఒక గడి ఎర్రగ లేచి సన్న పొక్కులతోని ఉన్నది. ఆమె ఊకె చూడలే, కండ్లు మూస్కొని చూపుడు వేలుతోని మెల్లగ తడిమింది, ఎరుపు ఒక్కటే అయితే మంట కావొచ్చు, వేలికి గట్టిగ ఉబ్బు తగిలితేనే అలర్జీ అని చెప్పింది. నా చెయ్యి పట్టుకొని నాతోని గూడ తడిమిపిచ్చింది. పక్క గడి నున్నగ ఉన్నది, ఇది మాత్రం గట్టిగ ఉబ్బెత్తుగ తగిలింది. బుధవారమే అయిపోయిందని ఇంటికి పోయుంటే ఆ గడి మాకు దొరికేదే కాదు. గంటలు లెక్కవెట్టుకొని రెండుసార్లు చూసే టెస్టును తెచ్చి పది నిమిషాలకు కుదించిన్రు ఈ ఫార్వర్డ్ రాసినోళ్ళు.

ఆ గడిల ఉన్నదాని పేరు ఫ్రాగ్రెన్స్ మిక్స్-1. ఎనిమిది వాసన పదార్థాల కలగలుపు: సిన్నమాల్, సిన్నమైల్ ఆల్కహాల్, యూజెనాల్, ఐసోయూజెనాల్, జెరానియాల్, హైడ్రాక్సీసిట్రోనెలాల్, ఆమైల్ సిన్నమాల్, ఇంక ఓక్‌మాస్ అనే చెట్టు పాచి. తర్వాత నెల మళ్ళ పోతే విడివిడిగ పెట్టి చూసిన్రు, తేలింది యూజెనాల్. అంటే మన లవంగం వాసన.

ఇక్కడనే నేచురల్ మాట వస్తది, నాకు అన్నిటికన్న కోపం వచ్చేది దీని మీదనే. అక్క ఫార్వర్డ్‌ల చెప్పినట్టే అత్తరును, పౌడర్‌ను మణికట్టు మీద పెట్టి చూసింది, ఏం కాలే. తలకు పెట్టే మూలికల నూనెను మాత్రం పెట్టి చూడనే లేదు, అది నేచురల్ గదా, టెస్టు అక్కర్లేదని రాసిన్రు గదా. ఊరూరు తిరిగి అమ్మే నూనె, సీసా మీద చీటీ గూడ లేదు, మూత తీస్తే గుప్పున లవంగం వాసన. పైన చెప్పిన ఎనిమిదిల యూజెనాల్ లవంగంల, సిన్నమాల్ దాల్చినచెక్కల, జెరానియాల్ గులాబీల పుట్టేదే, ఓక్‌మాస్ అయితే అచ్చంగ చెట్టు మీద పెరిగేదే. తోలుకు ఫ్యాక్టరీల పుట్టిన యూజెనాల్, లవంగంల పుట్టిన యూజెనాల్ అని తేడా తెల్వది, అణువు అణువే. నేచురల్‌కు అలర్జీ రాదనేటోళ్ళు ఒకసారి మన పొలం గట్ల మీది వయ్యారిభామను, అదే కాంగ్రెస్ గడ్డిని అడగాలె. దానికంటే నేచురల్ ఏమున్నది, మందు గూడ కొట్టకుండ దానంతట అదే మొలుస్తది, మరి కలుపు తీసిన ఆడోళ్ళ చేతుల మీద, మొఖాల మీద ఎట్ల దద్దులు లేస్తయో ఊర్లల్ల ఎరుకే గదా.

ఇంకోటి గూడ చెప్పాలె. మన దగ్గర బత్తాయి తొక్క గిల్లితే చర్రున చిమ్మే వాసన నూనెల ఎక్కువ ఉండేది లిమొనీన్. లావెండర్‌ల లినాలూల్ ఉంటది. ఈ రెండూ తాజాగ ఉన్నప్పుడు పెద్దగ ఏమీ చెయ్యయ్. కానీ సీసా మూత వదులుగ పెట్టి కిటికీల వదిలేస్తే గాలి తగిలి హైడ్రోపెరాక్సైడ్లు అనే కొత్త పదార్థాలు తయారైతయ్, అలర్జీ తెచ్చేవి అవి. అంటే ఇయాల ఒంటికి పడ్డ నూనె ఆరు నెలలకు అదే సీసాల ఇంకో పదార్థం అయి ఉండొచ్చు. నేచురల్, కెమికల్ అని రెండు కుప్పలు పోస్తే ఇదేమీ కనపడది.

ఏండ్ల నుంచి వాడుతున్నం కాబట్టి రాదంటరా, అక్క ఆ నూనె ఆరేండ్లు పెట్టింది. ఒళ్ళు ఎప్పుడు నేర్చుకుంటదో చెప్పలేం, ఎన్నిసార్లు తగిలితే అన్ని అవకాశాలు. కొత్తగ కొన్నదాన్ని ఒక్కటే అనుమానించేటోళ్ళు అసలు దొంగను ఇంట్లనే పెట్టుకుంటరు.

ల్యాబ్ టెస్ట్ అయింది కాబట్టి అందరికీ సేఫ్ అనే మాటకు వస్తే, టెస్టు చేస్తరు, నిజమే, కానీ ఆ టెస్టు ఏం చెప్తదో తెల్వాలె. 1969ల మాగ్నుసన్, క్లిగ్మన్ గినీ పందుల మీద చేసే పద్ధతి రాసిన్రు. తర్వాత ఎలుక టెస్టు వచ్చింది, చెవుల మీద మూడు రోజులు కెమికల్ రుద్ది, చెవి దగ్గరి లింఫు గడ్డల కణాలు మామూలు కన్న మూడు రెట్లు పెరిగినయా అని చూసేది, ఇందాక చెప్పిన బిళ్ళ కట్టుడే లెక్క గట్టేది అన్నట్టు. కాస్మెటిక్స్‌కు జంతువుల మీద టెస్టులు యూరప్‌ల 2013ల పూర్తిగ, మన దేశంల 2014ల బంద్ అయినయ్. ఇప్పుడు మూడు రకాలుగ చూస్తరు: కెమికల్ ప్రోటీన్ ముక్కకు అతుక్కుంటదా అని 24 గంటలు కలిపి పెట్టి చూసుడు, తోలు కణాలు హెచ్చరిక ఇస్తున్నయా అని చూసుడు, కాపలా కణాల లాంటివి మేల్కొంటున్నయా అని చూసుడు. మూడిట్ల రెండు ఏకమైతే ఆ మాట తీస్కోవచ్చని 2021ల అంతర్జాతీయంగ రూలు పెట్టిన్రు. నాకు మస్తు ఇష్టమైన విషయం ఒకటి చెప్త, యూజెనాల్, ఐసోయూజెనాల్ రెండిటి ఫార్ములా ఒకటే, డబుల్ బాండు ఒక్క కార్బన్ పక్కకు జరుగుతది అంతే, ఎలుక టెస్టుల మాత్రం యూజెనాల్ కన్న ఐసోయూజెనాల్ చాలా బలమైన అలర్జీకారి. క్లాసుల ఈ బొమ్మ గీస్తే పిల్లలు నోరు తెరుస్తరు.

ఇదంతా పదార్థానికి అలర్జీ తెప్పించే గుణం ఎంతుందో చెప్తది, ఎంత మోతాదుల వాడొచ్చో లెక్క కట్టనీకి పనికొస్తది. నీ ఒంటికి పడతదని రాసిచ్చే కాగితం కాదు. లైరల్ అనే పూల వాసన కెమికల్‌నే చూడండి, ఏండ్ల తరబడి సబ్బులల్ల, డియోడరెంట్లల్ల వాడిన్రు, యూరప్ క్లినిక్‌లల్ల ప్యాచ్ టెస్టులల్ల కేసులు బయటపడుకుంట వచ్చినంక 2017ల నిషేధం రాసిన్రు, 2021 కల్లా షాపుల నుంచి తీసేపిచ్చిన్రు. పట్టిచ్చింది మనుషుల వీపుల మీది పట్టీలే. హైపోఅలర్జెనిక్ అని డబ్బా మీద రాసుడుకు అమెరికాల గూడ చట్టంల పక్కా నిర్వచనం లేదు.

రక్తపరీక్ష గురించి పెద్దగ చెప్పేదేం లేదు. అలర్జీ ప్యాకేజీ అని చేసే ఐజీఈ టెస్టు యాంటీబాడీలను చూస్తది, దద్దులకు, ఆయాసానికి, కొన్ని తిండ్లకు అక్కరకొస్తది. సెంటు అలర్జీ టి కణాల పని, దాంట్ల ఐజీఈ ఉండది. అక్కతోని ఒక ల్యాబ్‌ల మూడు వేల చిల్లర కట్టిపిచ్చిన్రు, రిపోర్టుల వంకాయ, దుమ్ము అని వచ్చింది. ఆ వంకాయ బంద్ పెట్టుడు ఇంకో రెండు నెలలు నడిచింది.

మరి ఇంట్ల ఏమీ చెయ్యొద్దా అంటే, ఒకటి చెయ్యొచ్చు. కడిగెయ్యకుండ ఒంటి మీదనే ఉండే క్రీమో, పలుచని నూనెనో అయితే మోచెయ్యి మడత దగ్గర లోపలి దిక్కు రూపాయి బిళ్ళంత జాగల రోజుకు రెండుసార్లు, కనీసం వారం రోజులు, వీలైతే రెండు వారాలు పెట్టాలె. దురద మొదలైన రోజే ఆపాలె. డాక్టర్లు గూడ ఈ పద్ధతి వాడతరు, అక్క నూనెను అట్లనే పెట్టిపిచ్చిన్రు, నాలుగో రోజుకే సన్న పొక్కులు లేచినయ్. కానీ వారం రోజులు ఏమీ కాలేదంటే ఇప్పటికైతే పడుతుందని అంతే, జిందగీకి రాసిచ్చినట్టు కాదు. సబ్బు, షాంపూ ఇట్ల పెట్టొద్దు, ఎవరికైనా మండుతయ్. లవంగం నూనె లాంటి ఘాటువి పలుచన చెయ్యకుండ నేరుగ అసలే రుద్దొద్దు, అట్ల చూసుడే ఒంటికి కొత్త అలర్జీ నేర్పొచ్చు. జుట్టు రంగుకు ఈ పద్ధతి వాడొద్దు.

దురద తగ్గకపోతే మెడికల్ షాపుల ఇచ్చే ట్యూబు రుద్దుకుంట కూసోకండి, దాంట్ల స్టెరాయిడ్ ఉంటే పైకి తగ్గినట్టే కనపడతది, వీపు మీద రుద్దితే ప్యాచ్ టెస్టుల ఉన్న అలర్జీ గూడ కనపడకపోవచ్చు, ఏం వాడుతున్నరో డాక్టర్‌కు ముందే చెప్పాలె. పోయేటప్పుడు ఇంట్ల వాడేవన్ని మూట కట్టుకొని పోండి, చీటీ లేని సీసాలు గూడ, మన దగ్గర చాలా డబ్బాల మీద పర్ఫ్యూమ్ అనే ఒక్క ముక్కనే రాసి ఉంటది కాబట్టి పేరు చెప్తే సరిపోదు, సరుకే చూపెట్టాలె. అక్క జాకెట్ ముక్కలేసే సంచిల ఆరు రకాలు తెచ్చింది, సబ్బు, పౌడర్, అత్తరు, కాటుక, రెండు క్రీములు. నూనె సీసా మాత్రం కారుతదని ఇంట్లనే వదిలేసి వచ్చింటే నేనే మళ్ళ నకిరేకల్ పోయి తెచ్చిన.