హెల్మెట్ పలికింది

మా బావకు బండి మీద లడఖ్ పోవాలని కోరిక. సెలవు దొరకలేదు గానీ సామాను మాత్రం ముందే వచ్చేసింది. మంచుకు ఆగే జాకెట్, మోచేతులకూ మోకాళ్లకూ ప్లాస్టిక్ చిప్పలు, పిక్కల దాకా బూట్లు, వీపున నీళ్ల సంచి, హెల్మెట్ నెత్తిన కెమెరా. ఇంత పోసి కొన్నవి వాడకపోతే మా అక్క ఊరుకునే రకం కాదు. అందుకని ఉగాదికి హైదరాబాద్ నుంచి తాడిపత్రికి ఆ వేషంలోనే దిగాడు. పచ్చడి చేదు నోట్లోంచి పోకముందే ప్లాన్ చెప్పాడు.

"బెలుం గుహలు, గండికోట, కొండ మలుపులు. ఒక్కరోజులో కొట్టేద్దాం బామ్మర్దీ."

"ఎండలు ముదిరినాయి బావా. ఆ జాకెట్ ఎందుకు?"

"సేఫ్టీ బామ్మర్దీ, సేఫ్టీ."

బండి మీద ఉన్నంతసేపూ ఆ మాటను కాదనలేం. నాకూ ఒక హెల్మెట్ పెట్టి, రెండింటికీ బ్లూటూత్ మైకులు బిగించాడు. ఒకే బండి, ముందు ఆయన, వెనక నేను. వీపు మీద తడితే పోయేదానికి బ్లూటూత్ ఏమిటో నాకు అంతుపట్టలేదు. కొలిమిగుండ్ల చేరేదాకా మేము మాట్లాడుకున్నది "వినిపిస్తోందా?", "ఆఁ, వినిపిస్తోంది", ఇంతే.

మలుపుల్లో బండిని ఒరగబెట్టి తిప్పుతానని ముందే హెచ్చరించాడు, నేను గట్టిగా పట్టుకునే కూర్చున్నాను. మా వైపు రోడ్లంటే నాపరాళ్ల లారీల రోడ్లు. బండలు నిండా వేసుకుని మూలుగుతూ పోయే లారీ ఒకటి ముందు దొరికింది. వచ్చిన ప్రతి మలుపునూ దాని వెనకే, నిటారుగా, సైకిల్ స్పీడులో తిరిగాం. నెత్తిన కెమెరా మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది, "సౌండ్ హారన్" అన్న అక్షరాల మీద.

బెలుం దగ్గర జాకెట్ విప్పి బండి మీద పెట్టమంటే ఎవరైనా ఎత్తుకుపోతారన్నాడు. హెల్మెట్ కూడా తియ్యలేదు, కెమెరా దానికే ఉందిగా. నేను నాది చేత్తో పట్టుకుని వెనక నడిచాను.

లోపలికి మెట్లు దిగుతుంటేనే ఉక్క మొదలవుతుంది. ఊపిరాడ్డానికి బయటి గాలిని గొట్టాల్లో లోపలికి పంపిస్తారు. జనమంతా ఆ గొట్టాల కిందే ఆగి, కొంగులతో మొహాలు తుడుచుకుంటారు. జాకెట్‌లో బావ సంగతి చెప్పక్కర్లేదు, ప్రెషర్ కుక్కర్ మూడో విజిల్‌కు దగ్గర్లో ఉన్నాడు. సప్తస్వరాల గుహలో రాళ్లను తడితే స్వరాలు పలుకుతాయంటారు. బావ హెల్మెట్ పైరాళ్లకు తగిలిన చోటల్లా ఒకటే స్వరం వినబడింది, "అమ్మా!"

గైడు తన పాఠం మొదలుపెట్టాడు. 1884లో బ్రూస్ ఫుట్ అనే దొర ఈ గుహల గురించి రాశాడట, 1982లో జర్మనీ వాళ్లు దిగి కొలిచారట, మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు, అందులో మనకు చూపించేది సగం లోపే. వింటూ వింటూ కోటిలింగాల దగ్గరికి వచ్చాం. పైనుంచి వేలాడే ప్రతి రాయీ లింగం ఆకారమే. గైడు కూడా గొంతు తగ్గించాడు. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ అప్పటికే చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడింది.

సరిగ్గా అప్పుడు నా చేతిలోని హెల్మెట్ మాట్లాడింది.

"నేనిక్కడ ఇరుక్కున్నాను... నన్ను బయటికి తియ్యండి..."

అవ్వ ఒళ్లు జలదరించింది. "శివయ్యా! పలుకుతాండావా సామీ!" అంటూ నా హెల్మెట్ ముందే సాష్టాంగపడబోయింది. ఆమె మనవడు పట్టుకోబట్టి సరిపోయింది. నేను గబగబా హెల్మెట్‌లో తలపెట్టి, "ఎక్కడున్నావు బావా?" అన్నాను. "బావ అంటాడేందిరా సామిని?" అంది అవ్వ.

మంద కంటే ముందే వీడియో తియ్యాలని, గుంపును వదిలి పాతాళగంగ వైపు పోయాడట. వంగి దూరాల్సిన సందొకటి వచ్చింది. వంగితే మోకాలి చిప్పలు మడవనివ్వలేదు, లేద్దామంటే వీపునున్న నీళ్ల సంచి రాతికి తగులుకుంది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. అవతలి నుంచి తిరిగొచ్చే బడిపిల్లల వరస ఆయన ముఖం ఎదుటే ఆగిపోయింది. పిల్లలు ఊరుకుంటారా? "సార్, మీరు స్పేస్ నుంచి వచ్చినారా?" అని ఒకడు.

ఆ ఉక్కలో, ఆ భయంలో బావ నోటికొచ్చిన మొక్కులన్నీ మైకులో మొక్కేశాడు. తిరుపతికి నడిచొస్తానన్నాడు. చివరికి, "బయటపడితే చాలు, ఈ బండి అమ్మేస్తానని మీ అక్కతో చెప్పరా" అన్నాడు. దొర, జర్మన్లు ఏం వేసుకుని దిగారో గానీ గైడుకు మాత్రం ఇలాంటి శాల్తీ కొత్త. టార్చి వేసి కింది నుంచి పైదాకా చూసి, "సార్, ముందు సంచి నీళ్లు తాగేయండి. అది పల్చబడితే మీరు ఊడొస్తారు" అన్నాడు. బావ గొట్టం నోట్లో పెట్టుకుని గుటకలు వేస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. సంచి ఖాళీ అయింది, మనిషి జారి వచ్చాడు. జాకెట్ జిప్పు మాత్రం పాతాళగంగకు సమర్పయామి.

తర్వాత గండికోట కూడా చూశాం. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పారే పెన్న, గోడలకే అంటిపెట్టుకున్నట్టున్న ఎర్రటి బండలు, మసీదు, రంగనాథుడి గుడి. చూడాల్సిన చోటే. బావ మాత్రం బనియన్ మీద మసీదు నీడన కూర్చుని, గాలి ఎటు నుంచి వస్తే అటు తిరుగుతూ గడిపాడు.

రాత్రి ఇంట్లో వీడియో పెట్టారు. లారీ వెనక భాగం చాలాసేపు వచ్చింది. తర్వాత చీకట్లో ఒక రాయి, ఇంకా చాలాసేపు. ఆ రాయి మీద బావ గొంతు స్పష్టంగా పడింది. తిరుపతి మొక్కు దగ్గర మా అమ్మ దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాతి ముక్కను అక్క వెనక్కి తిప్పి మళ్లీ విని, ఇంకోసారి తిప్పింది.

"అది ఎకో" అన్నాడు బావ.

పొద్దున నేను లేచేసరికి అక్క వాకిట్లో బండికి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తోంది. బావ పక్కనే నిలబడి, "గీత పడిన వైపు వద్దులేవే, రేటు తగ్గుద్ది" అంటున్నాడు.